ఒంటికి నూనె: ఏది, ఎప్పుడు, ఎంత

ధనుర్మాసం ఆఖరి రోజుల్లో తెల్లవారేసరికి మా పెరటి గూట్లోని కొబ్బరినూనె సీసా తెల్లగా పేరుకుని ఉండేది. మామ్మ దాన్ని వేడినీళ్ల చెంబులో నిలబెట్టి, "ఇది కరిగేలోగా ఒంటికి నువ్వులనూనె పట్టించుకుని కూర్చో. ఇది స్నానమయ్యాక కాళ్లకీ చేతులకీ" అనేది. ఎందుకని అడిగితే "అంతే" అనేది. ఆ "అంతే" వెనక ఉన్న సంగతి తెలుసుకోవడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది. ఈలోగా ముఖానికి కొబ్బరినూనె రాసి మొటిమలు తెచ్చుకున్నాను. నూనెలో నిమ్మరసం కలిపి మెడకు పట్టించి, ఎండలో తిరిగి, గోధుమరంగు చారలతో రెండు నెలలు చున్నీ కప్పుకుని తిరిగాను. మీకు ఆ తిప్పలు లేకుండా చూద్దామనే ఇదంతా.

ఒక సంగతి ముందే చెప్పాలి. ఇది గోదావరి గాలిలో బతికేవాళ్ల లెక్క. పొడి ఎండల అనంతపురానికీ, చలికి చర్మం పెళుసెక్కే ఢిల్లీకీ లెక్క వేరు. మన దగ్గర ఏడాదిలో చాలా నెలలు పట్టిన చెమట పట్టినట్టే ఉంటుంది, ఆరదు. ఆరబెట్టిన బట్టలకే వాసన వస్తుంటే, నూనె రాసిన ఒంటి సంగతి చెప్పాలా? అందుకని మనం నూనె వాడవలసింది తక్కువగా, వేళ చూసుకుని.

నూనె గట్టు, కాలువ కాదు

నూనెలో నీరు ఉండదు. లేని తేమను అది చర్మానికి ఎక్కడినుంచి తెచ్చి ఇస్తుంది? ఇవ్వదు. ధవళేశ్వరం నుంచి కాలువకు నీళ్లు వదలకుండా, మీరు చేనుకు ఎంత గట్టి గట్టు పోసుకున్నా మడి తడవదు. నీళ్లు వచ్చాక గట్టు లేకపోతే నిలవదు. చర్మానికి నూనె ఆ గట్టు పని చేస్తుంది. నీళ్లు మీరు స్నానంలో పోసుకునేవే.

మన చర్మం పై పొరలో చచ్చిన కణాలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. వాటి సందుల్లో సెరమైడ్లు అనే ఒక రకం కొవ్వులు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు మెత్తినట్టు ఉండి లోపలి నీటిని బయటకు పోనివ్వవు. మంచి నురగ వచ్చే సబ్బు, బాగా వేడినీళ్లు ఈ మెత్తుడును కొంత కడిగేస్తాయి. స్నానమైన పావుగంటకు కాళ్ల పిక్కల మీద గోటితో గీస్తే తెల్లటి గీత పడుతుంది చూడండి, అది గట్టు తెగిన గుర్తు.

మామ్మ చెప్పిన రెండు నూనెల రహస్యం ఇదే. స్నానానికి ముందు రాసిన నూనె సబ్బు దెబ్బను కాచుకుంటుంది. స్నానం తర్వాత తడి ఒంటి మీద రాసిన నూనె ఆ తడిని పట్టి ఉంచుతుంది. పొడి ఒంటి మీద, సాయంత్రం టీవీ ముందు కూర్చుని రాసుకున్న నూనె వల్ల చర్మం నున్నగా కనిపిస్తుంది గానీ లోపల తడి పెరగదు. మీరు ఈ పేజీలో ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే చాలనుకుంటే, అది ఈ తడి సంగతి.

ఇంట్లో ఉన్న సీసాల్లో ఏది దేనికి

నువ్వులనూనె. పాతవాళ్లు దీన్నే మంచినూనె అన్నారు. ఇందులో లినోలెయిక్ ఆమ్లం, ఓలెయిక్ ఆమ్లం రెండూ ఇంచుమించు నూటికి నలభై చొప్పున ఉంటాయి. లినోలెయిక్ ఆమ్లం మన చర్మం సెరమైడ్లు తయారు చేసుకోవడానికి పనికొచ్చే సరుకు. పైగా సెసమాల్, సెసమిన్ అనే పదార్థాలు ఉండడం వల్ల ఈ నూనె తొందరగా పాడవదు. స్నానానికి ముందు పట్టించడానికి దీన్ని మించినది లేదని నా అభిప్రాయం. పచ్చి నువ్వులు గానుగ ఆడించినది తీసుకోండి. చైనా వంటలకు అమ్మే నల్లటి వేయించిన నువ్వుల నూనె ఒంటికి కాదు. గానుగ దగ్గరికి వెళ్తే నూనెతోపాటు తెలగపిండి కూడా అడిగి తెచ్చుకోండి. మునగాకు వేసి కూర వండుకోవచ్చు. చర్మానికి దానితో సంబంధం లేదు, కానీ అంతదూరం వెళ్లి వదిలేసి రావడం అన్యాయం.

కొబ్బరినూనె. కోనసీమలో పుట్టి దీన్ని తక్కువ చేసి మాట్లాడలేను, అలాగని అన్నిటికీ ఇదేనని కూడా అనను. ఇందులో దాదాపు సగం లారిక్ ఆమ్లం. కొన్ని సూక్ష్మజీవులను అణచే గుణం దానికి ఉంది. 2004లో ఫిలిప్పీన్స్‌లో పొడిచర్మం ఉన్న 34 మంది మీద రెండు వారాలు జరిపిన పరీక్షలో కొబ్బరినూనె, మినరల్ ఆయిల్ (పెట్రోలియం నుంచి తీసే నూనె) రెండూ చర్మంలో తేమ పెంచడంలో దాదాపు సమానంగా పనిచేశాయి. అంటే అద్భుతం ఏమీ కాదు, కానీ ఖరీదైన లోషన్ కొనలేనివాళ్లకు పెరట్లోనే మందు ఉందన్నమాట. చేతులకు, కాళ్లకు, మోచేతులకు, మోకాళ్లకు వాడండి. మొటిమలు వచ్చే ముఖానికి, వీపుకు వద్దు. రంధ్రాలు పూడ్చే గుణం దీనికి ఎక్కువ.

ఆముదం. చెంచాలోంచి కిందికి జారడానికే బద్ధకించే నూనె. ఇందులో నూటికి తొంభై వంతుల వరకు రిసినోలెయిక్ ఆమ్లం, ఆ జిడ్డంతా దానిదే. పగిలిన మడమలకు, పెదవులకు, గోళ్ల చుట్టూ చర్మానికి మంచిది. ఒళ్లంతా రాసుకుంటే వదిలించుకోవడానికి సగం రోజు పడుతుంది. ఆముదపు గింజల్లో రిసిన్ అనే విషం ఉంటుంది. సరిగ్గా తీసిన నూనెలోకి అది రాదు, పిండిలోనే ఉండిపోతుంది. అయినా పసిపిల్లలు తిరిగే ఇంట్లో గింజలు దంచి వంటాముదం తీసే ప్రయోగాలు పెట్టుకోవద్దు, కొనుక్కోండి.

పొద్దుతిరుగుడు నూనె. వంటింటి ప్యాకెట్‌లో ఉంటుంది కాబట్టి దీనికి గౌరవం తక్కువ. మామూలు రకంలో లినోలెయిక్ ఆమ్లం సగానికి మించే ఉంటుంది. 2013లో వెలువడిన ఒక పరిశోధనలో పెద్దవాళ్ల ముంజేతుల మీద కొన్ని వారాలపాటు ఆలివ్ నూనె, పొద్దుతిరుగుడు నూనె రాసి చూశారు. పొద్దుతిరుగుడు నూనె రాసినచోట చర్మం పై పొర చెక్కుచెదరలేదు, తేమ పెరిగింది. ఓలెయిక్ ఆమ్లం ఎక్కువగా ఉన్న ఆలివ్ నూనె ఆ పొరను బలహీనపరిచింది, కాస్త ఎరుపు కూడా తెచ్చింది. మార్కెట్‌లో చిన్న సీసా ఆలివ్ నూనెకు పోసే డబ్బుతో ఎన్ని ప్యాకెట్లు వస్తాయో మీరే లెక్కవేసుకోండి. ముఖానికి నూనె రాసి తీరాలనుకునేవాళ్లకు నేను చెప్పేది ఇదే, లేదా నువ్వులనూనె.

తవుడు నూనె గురించి అడిగేవాళ్లు ఉంటారు, చుట్టూ ఇన్ని రైసు మిల్లులు ఉన్నాయి కదా. అందులో ఒరైజనాల్ ఉంటుంది, నూనె మంచిదే. కానీ బియ్యం పాలిష్ పట్టిన గంటల్లోనే తవుడులోని ఎంజైము నూనెను పాడుచేయడం మొదలుపెడుతుంది. అందుకే ఫ్యాక్టరీలో వెంటనే శుద్ధిచేసి తీస్తారు. ఇంట్లో తవుడు నానబెట్టి నూనె తీయాలనుకోవద్దు.

వేపనూనె ఘాటైనది. నేరుగా రాస్తే కొందరికి మంట, దద్దుర్లు. వాడాలనుకుంటే ఒక చిన్న చెంచా నువ్వులనూనెకు రెండు మూడు చుక్కలు, అంతే. పిల్లలకు నోట్లో వేయడం ప్రాణాంతకం, ఏ పెద్దావిడ చెప్పినా వినవద్దు.

కొనేటప్పుడు

సీసా వెనక చిన్న అక్షరాలు చదవండి. తినడానికి పనికొచ్చే కొబ్బరినూనె వేరు, "హెయిర్ ఆయిల్" అని రాసినది వేరు. రెండో దానిలో సువాసనలు, లిక్విడ్ పారాఫిన్ (పైన చెప్పిన మినరల్ ఆయిలే) ఉండవచ్చు. చిన్న సీసాల్లో అమ్మే కొబ్బరినూనె తినే నూనెనా, తలనూనెనా అన్న పన్ను తగాదా చాలా ఏళ్లు నడిచి, 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు దాకా వెళ్లి తేలింది. తలనూనె అని ప్రత్యేకంగా అమ్మితే తప్ప అది తినే నూనే అన్నారు. మీకు కావలసింది తినేదే. పారాఫిన్ చర్మానికి హాని అని నేను అనడం లేదు, అది తేమను బాగానే పట్టి ఉంచుతుంది. కొబ్బరి ధర పెట్టి దాన్ని ఎందుకు కొనాలన్నదే నా బాధ.

సీసాను ఫ్రిజ్‌లో పెట్టి, అంతా ఒకేలా తెల్లగా గడ్డకడితే స్వచ్ఛమైనదని ఇంటింటా నమ్మకం. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది, నిజమే. పైన పలుచటి నూనె తేలితే కల్తీ అని అనుమానించవచ్చు. కానీ పామ్ గింజల నూనె కూడా ఇంచుమించు ఇలాగే గడ్డకడుతుంది. కాబట్టి ఈ పరీక్షలో తప్పితే తప్పినట్టు గానీ, గెలిచినంత మాత్రాన గెలిచినట్టు కాదు.

గానుగలో ఆడించుకునేవాళ్లు కొబ్బరి చిప్పలను ముందు చేత్తో విరిచి చూడండి. పుటుక్కున విరగాలి. వంగితే ఇంకా తడి ఉందన్నమాట. లోపల నల్లటి, పచ్చటి బూజు మచ్చలుంటే పక్కన పారేయండి. ఎంత గీకినా ఆ వాసన నూనెలోకి వస్తుంది. ఎండలు సరిగా లేని రోజుల్లో కొన్నిచోట్ల గంధకం పొగ పెట్టి చిప్పలను తెల్లగా చేస్తారు. మరీ సున్నంలా తెల్లగా ఉంటే ఆలోచించండి. అంబాజీపేట వైపు దొరికే కురిడీలు బాగుంటాయి. గుడక ఉండగానే లోపలి నీరు ఇంకిపోయి కొబ్బరి తనంతట తాను ఎండిన కాయలు అవి. ధర మాత్రం ఘాటు.

ఇంట్లో కొబ్బరిపాల నుంచి తీయడం

ఇది ఒక్కసారైనా చేసి చూడండి. లాభం కోసం కాదు, మంచి నూనె వాసన ఎలా ఉంటుందో ముక్కుకు తెలియడానికి. ఆ తర్వాత మిమ్మల్ని ఏ దుకాణదారూ మోసం చేయలేడు.

బాగా ముదిరిన కాయలు పది తీసుకోండి. చెవి దగ్గర ఊపితే నీళ్లు గలగలమనాలి. కొబ్బరి తురిమి, గోరువెచ్చటి నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ రుబ్బండి. పలుచటి నూలుగుడ్డలో వేసి పిండండి. పిప్పిని మళ్లీ నీళ్లతో రుబ్బి రెండోసారి పిండండి. మూడోసారి వచ్చేది నీళ్లే, శ్రమ దండగ.

పాలను ఒక గిన్నెలో పోసి మూతపెట్టి ఐదారు గంటలు ఫ్రిజ్‌లో ఉంచండి. పైన చిక్కటి మీగడ గట్టిపడుతుంది, కింద బూడిదరంగు నీళ్లు ఉంటాయి. మీగడను గరిటెతో తీసి, మందపాటి అడుగున్న మూకుడులో సన్నటి సెగ మీద పెట్టండి. ఇక పొయ్యి దగ్గరినుంచి కదలకూడదు.

మొదట అది తెల్లటి పాయసంలా కుతకుతలాడుతుంది. కాసేపటికి విరిగిన పాలలా తరకలు కడుతుంది. అంచుల్లో బంగారు రంగు నూనె ఊరడం మొదలవుతుంది. ఈ దశలో చిటపట ఎక్కువ, చేతుల మీద చింది కాలుతుంది, పొడుగు కాడ గరిటె వాడండి. ఆ చిటపట నీటి చప్పుడు. అది సన్నగిల్లుతూ వచ్చి, బుడగలు ఆగిపోయి, తరకలు లేత గోధుమరంగుకు తిరిగే క్షణంలో పొయ్యి ఆపేయండి. ముందు ఆపితే నూనెలో నీరు మిగిలి నాలుగు రోజులకే పులుస్తుంది. ఆలస్యం చేస్తే మాడు వాసన వస్తుంది, దాన్ని ఎవరూ తీయలేరు. నేను మొదటిసారి ఫోను మోగితే అటు వెళ్లాను. తిరిగొచ్చేసరికి మూకుడులో ఉన్నది ఒంటికి రాసుకునేదిగా లేదు, ఇంజనులో పోసేదిగా ఉంది.

చల్లారాక గుడ్డలో వడకట్టి, పూర్తిగా ఆరిన గాజుసీసాలో పోయండి. పది కాయలకు అర లీటరు దరిదాపుల్లో వస్తే బాగా వచ్చినట్టే. గుడ్డలో మిగిలిన గోధుమరంగు తరకల్లో బెల్లం తురిమి కలిపితే పిల్లలు సీసా వైపు కూడా చూడరు.

రాసే ముందు పరీక్ష

"చెట్టు నుంచి వచ్చింది కదా, ఏం చేస్తుంది" అనకండి. జిల్లేడు పాలు కూడా చెట్టు నుంచే వస్తాయి. ముంజేయి లోపలివైపు రూపాయి బిళ్లంత మేర రోజుకు రెండుసార్లు ఐదారు రోజులు రాయండి. దురద, ఎరుపు, చిన్న పొక్కులు వస్తే ఆ నూనె మీది కాదు. తినే నువ్వులు గానీ వేరుశనగ గానీ పడనివాళ్లు ఆ నూనెలను ఒంటికి కూడా రాయకూడదు.

స్నానానికి ముందు

రెండు పెద్ద చెంచాల నువ్వులనూనెను గిన్నెలో వేసి, వేడినీళ్లలో పెట్టి గోరువెచ్చగా చేయండి. పొయ్యి మీద నేరుగా కాచవద్దు. చేతులు, కాళ్లు, నడుము, వీపు, ఈ వరుసలో పట్టించండి. వెంట్రుకలు ఏ వైపు వాలి ఉంటాయో ఆ వైపే చేయి నడపండి. ఎదురు రుద్దితే వెంట్రుకల మొదళ్లలో నూనె ఇరుక్కుని ఎర్రటి కురుపులు లేస్తాయి. తొడల మీద అలాంటివి వచ్చినవాళ్లకు తెలుసు, కూర్చోవడమే కష్టం.

ఇరవై నిమిషాలు, మహా అయితే అరగంట చాలు. తర్వాత సున్నిపిండితో నలుగు పెట్టుకోండి. పెసలు, కాస్త బియ్యం, కచ్చూరాలు, కొద్దిగా పసుపు వేసి మెత్తగా ఆడించినది. పిండి బరకగా ఉంటే చర్మాన్ని గీరేస్తుంది, జల్లించండి. సబ్బులా సున్నిపిండి నూనె మొత్తాన్ని ఊడ్చేయదు, పైపై జిడ్డును పీల్చుకుని ఒక సన్నటి పొరను వదిలేస్తుంది. మనకు కావలసింది ఆ పొరే. దాన్ని కూడా సబ్బు పెట్టి కరకరలాడేలా కడుక్కునేవాళ్లు మొదట నూనె రాసుకోవడం ఎందుకో నాకు అర్థం కాదు.

బాత్‌రూమ్ గచ్చు మీద పాత గోనెపట్టా గానీ రబ్బరు చాప గానీ వేయండి. నూనె తలంటు రోజున జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్న పెద్దవాళ్లను నేను ఇద్దరిని చూశాను.

స్నానం తర్వాత

తువాలుతో రుద్దకుండా అద్దండి. ఒళ్లు ఇంకా చెమ్మగా ఉండగానే, రెండు మూడు నిమిషాలలోపే రాయాలి. ఒక చిన్న చెంచా కొబ్బరినూనెను అరచేతుల్లో పులిమి, మోకాలి కింది నుంచి పాదాల దాకా, తర్వాత మోచేతుల నుంచి వేళ్ల దాకా తుడిచినట్టు రాయండి. ఐదు నిమిషాలకు చీర గానీ ప్యాంటు గానీ అంటుకోకపోతే కొలత సరిపోయినట్టు. మెరుస్తున్నారంటే ఎక్కువైంది.

ఇది కార్తీకం నుంచి మాఘం దాకా రోజూ చేయవచ్చు. ఫాల్గుణం దాటాక కాళ్లకు మాత్రం. రోహిణి కార్తెలో అసలు వద్దు. చెమట బయటికి వచ్చే దారిలో జిడ్డు పేరుకుంటే చెమటకాయలు పేలుతాయి. అప్పుడు చల్లటి నీళ్లు, నూలు బట్ట, గాలి, ఇవే మందు.

ముఖానికి

రాత్రి ముఖం కడిగి, తడి మీద మూడు చుక్కలు. నాలుగోది వద్దు. మొటిమలు ఉన్న వయసు పిల్లలకు అసలు ఏదీ వద్దు.

ముఖం మీది రంగు తీయడానికి మాత్రం నూనె గొప్ప పనిమంతురాలు. పద్యనాటకం అయ్యాక తెర వెనక నటులు కొబ్బరినూనెలో ముంచిన గుడ్డతో కృష్ణుడి నీలాన్ని తుడిచేయడం నేను చిన్నప్పుడు గుడి తిరునాళ్లలో నోరు తెరుచుకుని చూశాను. నీళ్లకు లొంగని కాటుక, పెళ్లి మేకప్ నూనెలో కరుగుతాయి. దూదిని నూనెలో ముంచి కంటిరెప్ప మీద పది అంకెలు లెక్కపెట్టేంతసేపు ఆనించి మెల్లగా కిందికి లాగండి. వెంటనే మెత్తటి సబ్బుతో కడిగేయండి, ఇక్కడ నూనెను మిగల్చకూడదు.

పగిలిన మడమలకు, మడిలో దిగే కాళ్లకు

ఇది నాకు ఇష్టమైన భాగం, ఎందుకంటే ఫలితం కంటికి కనిపిస్తుంది. తేనెమైనం 20 గ్రాములు, కొబ్బరినూనె 50 గ్రాములు, ఆముదం 30 గ్రాములు తూచుకోండి. గిన్నెలో వేసి, ఆ గిన్నెను మరుగుతున్న నీళ్ల గిన్నెలో పెట్టి, మైనం కరిగేదాకా కలపండి. వెడల్పు మూతి డబ్బాలో పోసి కదపకుండా వదిలేయండి. గంటకు నెయ్యికంటే కాస్త గట్టిగా పేరుకుంటుంది. ఎండాకాలంలో మరీ జారుడుగా ఉంటే మైనం ఇంకో ఐదు గ్రాములు పెంచండి. కొవ్వొత్తి ముక్క కరిగించి వాడే అలవాటు ఊళ్లలో ఉంది. పని జరుగుతుంది గానీ ఆ రంగులు, వాసనలు పుండు మీద పడడం నాకు నచ్చదు.

రాత్రి గోరువెచ్చటి నీళ్లలో పాదాలు పావుగంట నానబెట్టండి. మెత్తబడిన చర్మాన్ని రాయితో మెల్లగా రుద్దండి. ఒక్కరోజులో అంతా తీసేయాలని కూర్చోవద్దు. తడి తుడిచీ తుడవనట్టు ఉండగానే డబ్బాలోది పగుళ్లలోకి దిగేలా నొక్కి రాసి, పాత నూలు మేజోళ్లు వేసుకుని పడుకోండి. పది పదిహేను రోజుల్లో తేడా తెలుస్తుంది. మధుమేహం ఉన్నవాళ్లు, పగుళ్లలోంచి రక్తం కారేవాళ్లు ముందు డాక్టరుకు చూపించండి. స్పర్శ తెలియని పాదం మీద వేడినీళ్లు, రాయి రెండూ ప్రమాదమే.

నాట్లకో చెరువులోకో దిగేవాళ్లు ఈ మైనాన్నే దిగే ముందు పాదాలకు, వేళ్ల సందులకు పట్టిస్తే నీరు కొంత వరకు లోపలికి నానదు. కానీ అప్పటికే వేళ్ల మధ్య చర్మం తెల్లగా నానిపోయి, ఒరిసి, వాసన వస్తుంటే దాని మీద నూనె వద్దు. అక్కడ కావలసింది పొడిదనం, ఆ పైన శిలీంధ్రాల మందు.

చంటిపిల్లలకు

అరచేత్తో తేలిగ్గా రాస్తే చాలు, గోధుమపిండి పిసికినట్టు పిసకనక్కర్లేదు. కొబ్బరినూనె గానీ పొద్దుతిరుగుడు నూనె గానీ వాడండి. ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వేయడం పెద్ద తప్పు. ముక్కులో పోసినది ఊపిరితిత్తుల్లోకి జారితే ఒక రకం న్యుమోనియా వస్తుంది. నలుగు పెట్టే పెద్దావిడతో ఈ మాట ముందే, మర్యాదగా, గట్టిగా చెప్పండి. "మా పిల్లలందరికీ పోశాం, ఏమైంది అమ్మా" అంటారు. "డాక్టరుగారు వద్దన్నారు పిన్నిగారూ" అనేస్తే వాదన ఆగుతుంది. నా అనుభవం.

నూనె పనికిరాని చోట్లు

శోభి మచ్చలు, చుండ్రు ఉన్నచోట నూనె రాస్తే అవి పెరుగుతాయి. వాటికి కారణమైన మలసేజియా అనే శిలీంధ్రం కొవ్వు తిని బతుకుతుంది, మనం చేతులారా అన్నం పెట్టినట్టవుతుంది. తామర మీద వద్దు. తాజాగా కాలిన గాయం మీద అసలే వద్దు, వేడి లోపలే ఉండిపోతుంది. కుళాయి నీళ్లు ఇరవై నిమిషాలు ధారగా పోయండి.

ఏ నూనే చర్మాన్ని తెల్లగా చేయదు. పొడిబారి బూడిద పట్టినట్టున్న చర్మం నూనెతో అసలు రంగు తేలుతుంది, దాన్నే తెల్లబడడం అని అమ్ముతారు. ఎండ నుంచి కూడా నూనె కాపాడదు. అంతర్వేది తీరంలో నూనె రాసుకుని నడిస్తే చర్మం కమిలిపోవడం ఖాయం. నిమ్మరసం నూనెలో కలపకండి. నిమ్మ తొక్కలోనూ రసంలోనూ ఉండే కొన్ని పదార్థాలు ఎండ తగిలితే చర్మాన్ని కాలుస్తాయి. నా మెడ సాక్షి.

సీసా సంగతి

చిన్న సీసాల్లో పోసుకుని, వెలుతురు తగలని చోట పెట్టండి. మూత మీద తెరిచిన తేదీ రాయండి. పొద్దుతిరుగుడు నూనె మూడు నాలుగు నెలల్లో వాడేయాలి, నువ్వులనూనె ఆరు నెలలు, కొబ్బరినూనె ఇంకా ఎక్కువ నిలుస్తుంది. తడి వేలు సీసాలో పెట్టవద్దు. వాసన చూస్తే పాత రంగు డబ్బా మూత తీసినట్టు అనిపించినా, నాలుక మీద గరగరలాడినా ఆ నూనె ఒంటికి పనికిరాదు. మా ఇంట్లో అలా ముక్కిపోయిన ఆముదం పెరటి తలుపు బందులకు పోతుంది. ఈ మధ్య ఆ తలుపు చప్పుడు చేయడం లేదు, పిల్లి లోపలికి వచ్చినా తెలియడం లేదు.